పడగ్గదిలో ఎవరో చరుస్తున్నారు

మొన్న మంగళవారం, ఇక్కడ సింగపూర్‌లో మేం అద్దెకుంటున్న ఫ్లాట్‌ని చేజేతులా పోగొట్టుకోబోయాను, ఎలాగో వినండి.

మా బాస్‌ది ఆస్ట్రియా. ఆయన ఫేర్‌వెల్‌కి టీమ్‌లో మగాళ్లమంతా వాళ్ల ఊరి డాన్స్ వెయ్యాలట. షూప్లాట్లర్ అంటారు. అకార్డియన్ వాయిస్తుంటే తొడలూ మోకాళ్లూ బూట్లూ టపటపా చరుచుకుంటూ, మధ్యమధ్య కేకలు పెట్టాలి. సిగ్గేసి మా ఆవిడ పద్మకి కూడా చెప్పలేదు. రోజూ వన్-నార్త్‌లో ఉన్న మా ఆఫీసులో ఖాళీ రూమ్ చూసుకుని, ఫోన్‌లో వీడియో పెట్టుకుని నేర్చుకుంటున్నాను. సోమవారం నుంచి సౌండ్ రావట్లేదు. మ్యూట్‌లో ఉందేమో, ఒకందుకు మంచిదే అనుకున్నాను.

ఆ రోజు పద్మ లీవ్‌లో ఉంది. మూడింటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, బెడ్రూంలో ఎవరో ఎవర్నో కొడుతున్నారు."

"పక్కింట్లో టీవీ అయ్యుంటుందిలే."

"కాదండీ, మన గదిలోనే. అదిగో, ఆగిపోయింది. మీతో మాట్లాడుతున్నానని దానికి తెలిసిపోయింది."

ఫోన్ పెట్టేసి మళ్లీ వీడియో ఆన్ చేశాను. నిమిషంలో మళ్లీ తనే. "మొదలైందండీ. దెబ్బలు, తర్వాత ఒక కేక. మనిషి కేకలా లేదు." అంతలోనే ఆగిపోయిందట. మూడోసారీ అంతే. నేను ఫోన్ ఎత్తితే ఆగుతోంది, పెట్టేస్తే మొదలవుతోంది. అసలే చైనీస్ వాళ్ల దయ్యాల నెల, మా బ్లాక్ కింద రోజూ చనిపోయినవాళ్ల కోసమని కాగితాలు కాలుస్తున్నారు.

సాయంత్రం ఓనర్ అంకుల్ అగ్రిమెంట్ రెన్యువల్‌కి వస్తున్నాడు. నాలుగు నెలలు వెతికితే దొరికిన ఇల్లది. "నేనిక్కడ ఉండను గాక ఉండను" అంది పద్మ. నాకూ ధైర్యం చాల్లేదు. ట్రైన్‌లోంచే అంకుల్‌కి ఫోన్ చేసి, ఇంట్లో దయ్యం ఉంది, ఖాళీ చేసేస్తాం అనేశాను.

మా స్టేషన్ బుకిట్ బటోక్‌లో దిగి ఇంటికి వెళ్లేసరికి, తాళం వేసిన తలుపు ముందు పద్మ చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. పక్కన అంకుల్, చేతిలో అగరొత్తుల కట్ట. ఏం సౌండ్ అని ఆయన అడిగితే పద్మ తొడ మీద చరిచి చూపించింది. టప్, టప్, టప్పటప్, కాలితో ధన్, ఆపైన కేక.

ఆ లెక్క నాకు తెలుసు. నాలుగు రోజులుగా నేర్చుకుంటున్నదే.

ఫోన్ తీసి ప్లే నొక్కాను. తలుపు వెనక దెబ్బలు మొదలయ్యాయి. అంకుల్ లిఫ్ట్ దాకా వెళ్లిపోయాడు. ఆపాను. ఆగిపోయింది. ఆదివారం బట్టలు మడతపెడుతూ పాటలకని నా ఫోన్‌కి కలిపిన వైఫై స్పీకర్, బీరువా మీద సూట్‌కేస్ వెనకే ఉండిపోయింది; వీడియో సౌండంతా నెట్ మీంచి దాంట్లోకే పోతోంది. ఆఫీసు నుంచి ఇంట్లో దయ్యాన్ని ఆడిస్తున్నది నేనే.

ఎంత చెప్పినా అంకుల్ నమ్మడే. ఇలాంటి డాన్స్ ఎక్కడా ఉండదు, ఇంటికి లేనిపోని పేరు పెట్టారు, వేరేవాళ్లకి ఇస్తాను అంటాడు. చేసేదేముంది, కారిడార్‌లోనే వీడియో పెట్టుకుని, తొడలు చరుచుకుంటూ, కేకతో సహా ఒక రౌండ్ వేశాను. అటూ ఇటూ తలుపులన్నీ తెరుచుకున్నాయి. అంకుల్ నవ్వాపుకోలేక దగ్గుతూ అగ్రిమెంట్ బయటికి తీశాడు.

పద్మ మాత్రం నవ్వలేదు. సంతకం పెట్టి, పెన్ను నా చేతికిస్తూ మెల్లగా అంది. "దయ్యానికైతే తాళం తప్పలేదండీ."