పద్నాలుగో నంబరు మూడో స్కాను

దెబ్బలు తింటేనే మనిషి రాటుదేలతాడని చెప్పేవాళ్లు ఆ మాట సాధారణంగా కుర్చీలో కూర్చుని చెబుతారు. అందరూ లెక్కలక్క అని పిలిచే ఆమె ఇంట్లో ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె తండ్రి బాక్సింగ్ రింగులో ఎడమకన్ను పోగొట్టుకున్నాడు. రింగు దూరమయ్యాక ఇంట్లోవాళ్ల మీద సాధన సాగించాడు. ఆయన పోయేనాటికి ఆమెకు ఇరవై, తమ్ముడికి పన్నెండు. ఆమె గణాంకశాస్త్రం చదివింది. తమ్ముడు గ్లవ్స్ తొడుక్కున్నాడు. వాడి ఎడమచేతి దెబ్బ రుచి చూసిన క్లబ్బువాళ్లు వాడికి సమ్మెట అని పేరు పెట్టారు.

ఆస్పత్రి మెదడు విభాగంలో ఆమె పని స్కాన్లు తీయడం కాదు. తీసిన స్కాన్ల నుంచి వచ్చే అంకెలకు ఏ పరీక్ష వాడాలో తేల్చడం. చూడ్డానికి చిన్న పనే. ఎవరి మెడ మీద పెడతారన్నది వదిలేస్తే, కత్తిని ఎంచుకోవడం కూడా చిన్న పనే.

ఆ ఏడు ఇరవైనాలుగు మంది బాక్సర్లను సీజన్‌కు ముందోసారి, మధ్యలో ఓసారి, చివర్లో ఓసారి స్కాన్ చేశారు. ఆ నివేదిక చూశాకే ఫైనల్ పోటీలకు అనుమతి ఇస్తామని బాక్సింగ్ సంఘం చెప్పింది. ఆమెకు అందే కాగితాల్లో పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. మొత్తం అరవై అయిదు స్కాన్లు. కొత్తగా చేరిన అసిస్టెంటు వాటిని అరవై అయిదుగురు మనుషులుగా లెక్కగట్టి తెచ్చాడు. ఒకే మనిషి మూడుసార్లు తలుపు కొడితే ముగ్గురు చుట్టాలు దిగినట్టా అని ఆమె అడిగింది. 

పెద్ద డాక్టరు తప్పు దిద్దాడు. ఎవరి స్కాన్లను వాళ్ల స్కాన్లతోనే పోల్చాలి గనక, అందరూ వాడే రిపీటెడ్ మెజర్స్ అనోవా అనే పరీక్ష పెట్టమన్నాడు. దానికి ఒక పట్టింపు ఉంది. మూడు స్కాన్లలో ఒక్కటి లేకపోయినా ఆ మనిషిని మొత్తంగా తీసేస్తుంది. ఏడుగురు చివరి స్కానుకు రాలేదు. వాళ్లను తీసేస్తే మిగిలిన పదిహేడుమంది మెదళ్లూ నిక్షేపంలా ఉన్నాయి. భయమేం లేదని పెద్ద డాక్టరు అప్పటికే సంఘానికి ఫోన్లో చెప్పేశాడు.

రానివాళ్లు ఎందుకు రాలేదో ఆమె స్కాన్ టెక్నీషియన్‌ని అడిగింది. అతను రిజిస్టరు తిరగేశాడు. ఒకడి దవడ విరిగి తీగలతో కట్టారు. ఒకడు లిఫ్టు దాకా వచ్చి దారి మరిచి, దుప్పట్ల గదిలో గంటసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఇంకొకడు పెళ్లాన్ని పీటతో కొట్టి పోలీస్ స్టేషన్లో ఉన్నాడు.

"పద్నాలుగో నంబరు లిఫ్టులోనే వాంతి చేసుకున్నాడు మేడమ్. అట్నుంచి అటే వెళ్లిపోయాడు."

"ఎవరతను?"

టెక్నీషియన్ తలెత్తి చూశాడు. "మీకు చెప్పలేదా? మీ తమ్ముడే కదా."

మూడో స్కాను అయిపోయిందక్కా, ఫస్టు క్లాసుగా వచ్చిందట అని తమ్ముడు ఆమెకు చెప్పి అప్పటికి పది రోజులు.

ఆమె అనోవా పక్కన పెట్టి మిక్స్‌డ్ మోడల్ అనే మరో పరీక్ష వేసింది. అది ఉన్న స్కాన్లను వాడుకుంటుంది, లేని స్కాను కోసం మనిషిని పారెయ్యదు. ఆ ఏడుగురికీ రెండో స్కాన్లోనే దెబ్బ కనిపిస్తోంది. వాళ్లు చేరగానే మెదళ్ల ఆరోగ్యాన్ని చూపే గీత కిందికి జారింది. అయినా ఆమెకు తెలుసు, రెండో స్కాను తర్వాత తిన్న దెబ్బల సంగతి ఈ పరీక్షా చెప్పలేదు. ఉన్నవాటిని బట్టి ఊహిస్తుందంతే. ఏడుగుర్నీ తెచ్చి స్కానర్లో పడుకోబెట్టడం ఒక్కటే దారి.

ఆఖరు నిమిషంలో పరీక్ష మార్చడం బాగుండదమ్మా అన్నాడు పెద్ద డాక్టరు.

"నిలబడ్డవాళ్లనే లెక్కపెట్టి, రింగులో ఎవరూ పడలేదని రాస్తున్నాం సార్," అంది.

ఆయన ఆ మాట క్లబ్బు కోచ్ చెవిన వేశాడు. కోచ్ సమ్మెట చెవిన వేశాడు.

సాయంత్రం ఆమె బట్టలు మడతపెడుతుంటే తమ్ముడు వచ్చి తలుపు గడియ పెట్టాడు. బల్లను తన్నాడు. లాప్‌టాప్ గోడకు తగిలి రెండు ముక్కలైంది.

"నా నోట్లో మట్టి కొడతావా? సొంత అక్కవేనా నువ్వు?"

"ఒరేయ్, ఇవాళ ఏ వారం?"

వాడు ఆగిపోయాడు. పెదవులు కదిలాయి. కిటికీ వైపు చూశాడు, కేలెండరు కోసం గోడ వైపు చూశాడు. వారం పేరు రాలేదు. ఎడమచెయ్యి వచ్చింది.

రెండు పళ్లు ఊడి మడతపెట్టిన దుప్పటి మీద పడ్డాయి. వాడు తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటున్నాడు.

"నాన్న కుడిచేత్తో కొట్టేవాడు," అంది ఆమె నోట్లో రక్తంతోనే. "నీది ఇంకా గట్టి దెబ్బ."

మర్నాడు దవడకు కట్టుతో సంఘం సమావేశానికి వెళ్లింది. ఎవరు కొట్టారని అధ్యక్షుడు అడిగితే పద్నాలుగో నంబరు అని కాగితం మీద రాసి, నివేదికలో ఆ నంబరు పక్కన ఖాళీగా ఉన్న మూడో స్కాను గడిని వేలితో చూపించింది. సంఘంవాళ్లకు జాలి పుట్టిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. రేపు ఎవడైనా రింగులో చస్తే పేపర్లో తమ పేర్లు పడతాయన్న భయం పుట్టింది. మూడో స్కాను లేనివాడు రింగెక్కకూడదని తీర్మానించారు. కోచ్ ఆస్పత్రికొచ్చి, రిజిస్టరు గుట్టు విప్పింది నువ్వేనా అని టెక్నీషియన్ కాలరు పట్టుకుని, అతని తలను కౌంటరు అద్దానికేసి కొట్టాడు. అద్దం పగిలింది. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి.

ఆ కుట్లతోనే టెక్నీషియన్ సమ్మెటను స్కానర్లో పడుకోబెట్టాడు. ఫైనల్ ఆశ చావలేదు గనకే వాడు వచ్చాడు. అక్క మొహం చూడలేదు. ఆమె గాజు గోడకు ఇవతల మైకు ముందు కూర్చుంది. యంత్రం లోపల సుత్తి మోతలు మొదలయ్యాయి. వాడి కాళ్లు కొట్టుకున్నాయి.

"కదలకురా," అంది. దవడ కలుక్కుమంది.

తెర మీద మొదటి బొమ్మలు వచ్చాయి. ఆమె అంకెల మనిషి, బొమ్మలు చదవడం రాదు. టెక్నీషియన్‌కు వచ్చు. అతను లేచి నిలబడి, తెర మీంచి చూపు తిప్పకుండానే ఫోన్ అందుకుని సర్జరీ వార్డు నంబరు నొక్కాడు. తలలో పాత రక్తం మీద కొత్త రక్తం, వెంటనే ఆపరేషన్ థియేటర్ సిద్ధం చెయ్యమని చెబుతున్నాడు.

లోపలినుంచి తమ్ముడి గొంతు వినిపించింది. "అక్కా, అయిపోయిందా? రింగెక్కొచ్చా?"

"కదలకురా," అంది ఆమె మళ్లీ.

వాడు కదల్లేదు.