అత్త చేతి నూనె

ఈ మాటను ఇన్నేళ్ళు నాలుక కింద పెట్టుకుని తిరిగాను. తింటున్నా, నవ్వుతున్నా, చర్చిలో పాట పాడుతున్నా అది అక్కడే ఉంది. ఇంతవరకు ఒక్కరికే చెప్పాను. మీరు రెండోవారు. ముక్కూ మొహం తెలియని మీకు చెప్పడం సులువనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, సులువేమీ కాదని.

నా పేరు చెప్పను. భయపడి కాదు. నేను భయపడే మనిషినా కాదా అన్నది మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. నా పేరు బయటపడితే ఇంకో ఇద్దరి పేర్లు బయటపడతాయి. వాళ్ళకు ఇప్పటికే నేను చేసింది చాలు.

నాది బ్యూటీ పార్లరు. ఇప్పుడు నెల్లూరులో, మేడ మీద, ఏసీ గదుల్లో ఉంది. లేజరు మిషను ఉంది, పనిచేసే అమ్మాయిలున్నారు. నా పనిలో నేను దిట్టను. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాట. ఒక ఆడపిల్ల మెట్లెక్కి వస్తుండగానే ఆ మొహానికి ఏం పూస్తోందో పట్టేస్తాను. చర్మం పల్చబడి ఉంటుంది. బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలి ఉంటాయి. పెదవి పైన కొత్తగా నూగు కనిపిస్తుంది. "ఏ క్రీము వాడుతున్నావు? నిజం చెప్పు" అని నిలదీస్తాను. ముందు చర్మం డాక్టరుకు చూపించుకుని రమ్మంటాను, అంతవరకు చెయ్యి వెయ్యను. మేడం చాలా నిక్కచ్చి మనిషని నాకు పేరు. అలాంటి మొహాన్ని అంత బాగా ఎలా గుర్తుపడతానో మాత్రం ఎవరూ అడగలేదు. నేనే ఒకదాన్ని తయారుచేశాను కాబట్టి గుర్తుపడతాను.

పార్లరు మొదలుపెట్టింది నెల్లూరులో కాదు, ఇందుకూరుపేట పక్కన మా ఊళ్ళో, మా ఇంటి ముందు గదిలో. ఒక పెద్ద అద్దం, తిరిగే కుర్చీ, గోడకు ఒక హీరోయిన్ క్యాలెండరు. అప్పట్లో నా చేతిలో ఒక రహస్యం ఉండేది. మెడికల్ షాపులో రెండు రకాల ట్యూబులు కొనేదాన్ని. ఒకటి దురదలకు రాసేది, ఇంకొకటి మచ్చలు పోవడానికి. రెండింటినీ మామూలు కోల్డ్ క్రీములో పిండి, స్టీలు గిన్నెలో చెంచాతో బాగా కలిపి, చిన్న డబ్బాల్లో నింపి ఇచ్చేదాన్ని. డబ్బా మీద పేరు ఉండేది కాదు. ఊళ్ళో దాన్ని 'అక్క క్రీము' అనేవాళ్ళు. ఇది మొహానికి ఎక్కువ రోజులు మంచిది కాదని మెడికల్ షాపు ఆయన ఒకసారి హెచ్చరించాడు. విన్నాను. వినలేదని ఇప్పుడు మీకు అబద్ధం చెప్పలేను. కానీ వారం తిరక్కుండా నల్లటి మొహాలు మెరిసిపోతుంటే, పూసుకున్నవాళ్ళు నా అద్దం ముందు నుంచి కదలకపోతుంటే, ఆ మాటను పట్టించుకోవాలని నాకు అనిపించలేదు. నా చేతిలో ఏదో ఉందనుకున్నాను.

చేతిలో ఏదో ఉందని ఊరంతా అనుకున్న మనిషి మా ఇంట్లోనే ఇంకొకరు ఉన్నారు. మా అత్త, మా ఆయన వాళ్ళ అమ్మ.

వెనక వసారా ఆమెది. ఎవరికైనా తలనొప్పి వచ్చినా, పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా, ఒంటి మీద సెగగడ్డలు లేచినా ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒక సీసాలో కొబ్బరి నూనె పోసి, దాని ముందు మోకరించి ప్రార్థన చేసి ఉంచుకునేది. వచ్చినవాళ్ళకు కాస్త రాసి, తల మీద చెయ్యి పెట్టి ఇంకోసారి ప్రార్థన చేసి పంపేది. అందులో మహిమలేవో ఉన్నాయని ఆమె ఎన్నడూ అనలేదు. ఉత్త కొబ్బరి నూనే అనేది. ఊళ్ళో పుట్టిన బిడ్డలకు నలుగు పెట్టి నీళ్ళు పోయాలన్నా ఆ చెయ్యే కావాలి. నేను ఏడిపించేదాన్ని, నీ క్లినిక్కు ముందు నా పార్లరు మూతబడేట్టుందని. ఆమె నవ్వేది. ముందు గదిలో నా క్రీము, వెనక వసారాలో ఆమె నూనె. ఒకే ఇంటికి రెండు దారుల్లో జనం వచ్చేవాళ్ళు.

మా వీధి చివర ఒక అమ్మాయి ఉండేది. సరళ అనుకోండి, అసలు పేరు కాదు. చర్చిలో పాటల గుంపులో పాడేది. రోజూ బస్సెక్కి నెల్లూరు వెళ్ళి, ఒక నగల కొట్లో కౌంటరు దగ్గర నిలబడి నగలు చూపించేది. తనకంటే తెల్లగా ఉన్నవాళ్ళను ముందు వరసలో నిలబెడుతున్నారని బాధపడుతుంటే నేనే పిలిచి డబ్బా ఇచ్చాను. ఆమె అడగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోకూడదని రాస్తున్నాను. నెల తిరిగేసరికి ఆమెను ముందు వరసలోకి మార్చారు. "అక్కా, నా మొహం నిజంగానే తెల్లబోయింది" అని తన మీద తనే జోకు వేసుకుని పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఏడాది పైగా వాడింది.

తరవాత శ్రమ దినాలు వచ్చాయి. ఈస్టరు ముందు వచ్చే ఆ రోజుల్లో మావాళ్ళు దేవుడి కోసం తమకు ఇష్టమైనది ఏదో ఒకటి మానుకుంటారు. ఒకరు మాంసం, ఒకరు కాఫీ, ఒకరు పూలు. సరళ నా క్రీము మానేసింది. వచ్చి చెప్పింది కూడా, తనకు అన్నిటికన్నా ఇష్టమైంది అదేనని. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! పాపం, మాంసం మానుకుని ఉంటే ఎంత బాగుండేది. ఆ మందు అలవాటైన చర్మం దాన్ని ఉన్నట్టుండి ఆపితే తిరగబడుతుందని ఆమెకు తెలియదు. నాకు? సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోవాలని నేను అనుకోలేదు.

కొన్నాళ్ళకే మొహం ఎర్రబడి మంట మొదలైంది. చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఆమె నా దగ్గరికి రాలేదు. ఉపవాస దినాల్లో దేవుడు పెట్టిన శోధన, పరీక్ష అనుకుని వెనక వసారాకు వెళ్ళింది. మా అత్త నూనె రాసి ప్రార్థన చేసింది. మర్నాటికి మొహం వాచి, రసి కారింది. వీధిలో అందరూ చూసింది ఆ మొహాన్నే. ముందు రోజు మొహం ఎవరికీ గుర్తులేదు. నూనె పడలేదన్నారు. నేను ఊరుకున్నాను.

నేనే ఆమెను నెల్లూరు తీసుకెళ్ళాను, చర్మం డాక్టరు దగ్గరికి. నేను అంత మంచిదాన్ని మరి. డాక్టరమ్మ భూతద్దం పెట్టి బుగ్గలు చూసింది. స్టెరాయిడ్ ఉన్న క్రీములేమైనా పూశావా అని అడిగింది. సరళకు ఆ మాటే తెలియదు. నేను కలిపిన దురదల ట్యూబులో ఉన్నది అదే. ప్రార్థన నూనె ఒక్కటే రాశానని చెప్పి, ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు నా వైపు చూసింది. నూనె తప్ప ఇంకేమీ లేదని నేను చెప్పాను. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, ఈసారి నన్నే చూస్తూ. నేను మళ్ళీ లేదన్నాను. ఆమె నమ్మలేదనే అనుకుంటాను. తన పద్ధతిలో మందులు రాసి పంపింది.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు మొత్తం అర్థమైంది. సగం కాదు, మొత్తం. అక్కడే చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? పార్లరు పోతుందనా? పోతే ఇంకోటి పెట్టేదాన్ని, ఆ మాత్రం ధైర్యం నాకు ఎప్పుడూ ఉంది. జనం తిడతారనా? తిట్లకు నేను బదులు చెప్పగలను. ఇన్నేళ్ళు తిప్పి తిప్పి చూసుకున్నాక ఒకటే తేలింది: నా చేతిలో ఏదో ఉందన్న నమ్మకాన్ని నేను వదులుకోలేకపోయాను. దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకొకరి చేతిని చెడ్డది చేశాను.

ఇంటికొచ్చేసరికి అత్త వంటింటి గుమ్మంలో కూర్చుని రొయ్యలు వలుస్తోంది.

"డాక్టరమ్మ ఏం చెప్పిందమ్మే?"

"పడలేదంది."

"ఏంది పడలేదంటా?"

నేను బిందెలో చెంబు ముంచుకుని నీళ్ళు తాగాను. ఆమె రొయ్యలు పక్కన పెట్టింది.

"నా నూనేనా?"

"నూనే అత్తా."

"అట్టనా," అంది. రొయ్యలు మళ్ళీ దగ్గరికి లాక్కుని, "పాపం, బిడ్డ మొహం," అంది. ఇంకేమీ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. అడగకపోవడమే నాకు అప్పుడు బాగుంది.

మందులతో సరళ మొహం మెల్లగా కుదుటపడింది. పూర్తిగా కాదు, ఇప్పటికీ ఎండలోకి వెళితే బుగ్గలు కందుతాయట. ఈస్టరు దాటాక ఒక ఆదివారం, పాస్టరు గారు, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉన్నారా అని అడిగితే, సరళ పైట చెంగు బుగ్గకు అడ్డం పెట్టుకుని లేచి నిలబడింది. దేవుడు తన మీద కనికరపడ్డాడని చెప్పి, చివరలో, "అక్కలారా, మొహానికి ఏందీ పూయబాకండి, ప్రార్థన నూనైనా సరే," అంది. ఆ పిల్లకు ఎవరి మీదా కోపం లేదు. మంచికే చెప్పింది. ఆడవాళ్ళు కూర్చున్న చోట తలలన్నీ మా వైపు తిరిగాయి. మా అత్త ముసుగు సర్దుకుని చాప మీదికి చూస్తూ కూర్చుంది. ఆమె పక్కన కూర్చున్నది నేను. నా ఒళ్ళో పాటల పుస్తకం ఉంది. ఆ పుస్తకంలో పేజీలు తిప్పాను.

ఆ తరవాత వెనక వసారాకు ఎవరూ రాలేదు. అత్త ఆ సీసాను కడిగి, ఎండబెట్టి, అందులో కిరసనాయిలు పోసుకుంది. బిడ్డలకు నీళ్ళు పోయడానికి పిలిచినా నడుం నొప్పని చెప్పి వెళ్ళేది కాదు. నేను ఆ వేసవిలోనే ట్యూబులు కలపడం మానేశాను. డబ్బాలన్నీ పారేశాను. కొత్త కోర్సులు చేశాను, నెల్లూరు వచ్చాను, పైకొచ్చాను. తప్పు దిద్దుకున్నానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దిద్దుకున్నది పనిని. మనిషిని అలాగే వదిలేశాను. ఆ తేడా నాకు తెలియదంటే నమ్మకండి.

ఈమధ్య మా అమ్మాయి పురుటికి వచ్చి బిడ్డను కన్నది. అత్త ఇప్పుడు బాగా పెద్దదైపోయింది, కానీ మనిషికి మతి చక్కగా ఉంది. ఒకరోజు పొద్దున బిడ్డ కడుపునొప్పితో కాళ్ళు ముడుచుకుని ఏడుస్తుంటే మా అమ్మాయి, "అవ్వా, కొంచెం కడుపు నిమరవా," అంది. అత్త రెండు చేతులూ పైట కింద దాచుకుంది. "వద్దులేమ్మా. నా చెయ్యి మంచిది గాదు. మీ అమ్మని పిలువు."

మా అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడ్డ నాకు అర్థమైంది. ఆమె ఇన్నేళ్ళుగా దాన్ని నమ్ముతోంది. నూనె పడలేదని కాదు, తన చేతి మీదనుంచి దేవుడు తన దయ తీసేసుకున్నాడని నమ్ముతోంది. ఇన్ని ఆదివారాలు మోకాళ్ళ మీద ఏమని ప్రార్థన చేసుకుందో ఆ దేవుడికే తెలియాలి. సిగ్గు అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు.

బిడ్డ నిద్రపోయాక పెరట్లో, ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను. ట్యూబులు, స్టీలు గిన్నె, మెడికల్ షాపు ఆయన అన్నమాట, డాక్టరమ్మ రెండుసార్లు అడగడం, నేను రెండుసార్లు లేదనడం. నూనె రాయకముందే ఆ మొహం పాడైపోయిందని చెప్పాను. నీళ్ళు తాగడానికి కూడా ఆగలేదు.

ఆమె చేట పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. తన కుడి చేతిని ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది.

"అంటే, నా చెయ్యి మంచిదేనా?"

"మంచిదే అత్తా."

"సరళకి చెప్పు," అంది. చేట తీసుకుని లేచి లోపలికి వెళ్ళింది.

నన్ను క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఇచ్చేస్తుందేమో, ఆమెది అలాంటి మనసు. ఇప్పటికే ఆమె దగ్గర తీసుకున్నది చాలు. ఆ తరవాత ఆమె నాతో మాట్లాడలేదు. సరళ ఇప్పుడు విడవలూరులో ఉంటోంది. రేపు వెళుతున్నాను. ఆమె నా మొహం మీద తలుపు వేసినా వేయవచ్చు, ఆ హక్కు ఆమెకుంది. ఆ తరవాతి ఆదివారం మా ఊరి చర్చిలో, సాక్ష్యం చెప్పేవాళ్ళు ఉన్నారా అని అడిగినప్పుడు నేను లేస్తాను. గొంతు వణకదు. ఇంట్లో చెప్పాను, మీకు చెప్పాను, ఇప్పుడు ఆ మాటలు నోటికి అలవాటయ్యాయి. నాలుక కింద ఏమీ లేదు. ఇన్నేళ్ళ తరవాత అన్నం రుచి తెలుస్తోంది, అది తప్పో ఒప్పో నాకు తెలియదు.

ఒక్కటి మాత్రం చెప్పి ఆపేస్తాను. నేను చెప్పిన రోజు సాయంత్రం బిడ్డ మళ్ళీ ఏడుపు అందుకుంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఏడుపు ఆగింది. గదిలోంచి కొబ్బరి నూనె వాసన వచ్చింది. నేను లోపలికి వెళ్ళలేదు.