వేడెక్కితే ఆగిపోయే గడ్డి బండి

కూర్చుని చేసే పని నాకు నలభై దాటాక దొరికింది. అంతకుముందు నేరేడుచర్ల రైసుమిల్లులో బస్తాలు మోశాను. మోసి మోసి నడుం పోయింది. దవాఖానలో ఫొటో తీసి చూసిన డాక్టరు, ఇంకో బస్తా ఎత్తితే ఇక మంచం మీదే అన్నాడు. ఆ మాట విన్నాక నాకంటే నా భార్య పుష్పాబాయికే ఎక్కువ భయమేసింది. ఆమె కోదాడ దగ్గర ప్రభాకర్ పటేలు ఫంక్షన్ హాలులో ఊడ్చే పని చేస్తుంది. పటేలు అప్పుడే లాన్ కోయడానికి ఎక్కి కూర్చుని నడిపే గడ్డి బండి ఒకటి ఎక్కడో పాతది కొని తెచ్చాడు. "నీ మొగనికి స్టీరింగ్ పట్టుడు వస్తదా?" అని ఆమెను అడిగాడట. వస్తదని చెప్పేసింది. నేను అప్పటిదాకా పట్టింది సైకిలు హ్యాండిలు ఒక్కటే.

అలా ఆ ఎర్ర బండికి నేను డ్రైవర్నయ్యాను. చిలుకూరు పక్కన మా తండాలో నా గొప్పలకు హద్దు లేకుండా పోయింది. మెత్తటి సీటు, చేతికింద స్టీరింగ్, ముందు ఇంజన్ అని వర్ణించి చెప్పేవాణ్ణి. ఎంత స్పీడు పోతుందని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేవాణ్ణి. నడిచే మనిషి దాన్ని దాటి పోతాడు.

దసరాకి పటేలు భార్య అనసూయమ్మ ఆయుధ పూజ చేయించింది. జనరేటరుకు, బోరు మోటారుకు, గ్రైండర్లకు, చివరికి నా బండికి కూడా పసుపు కుంకుమలు పెట్టించింది. బండి ముందు భాగమంతా గీతలూ సందులూ. బొట్టు నిలిచే చోటు పెట్రోలు ట్యాంకు మూత ఒక్కటే. నల్లగా, గుండ్రంగా, అచ్చం నుదుటిలా ఉంటుంది. అనసూయమ్మ దాని నడుమ తడి పసుపు రాసి కుంకుమ దిద్దింది. నా బండికి ముఖం వచ్చినట్టు అనిపించి మురిసిపోయాను.

పండగ వెళ్లిన వారానికి రోగం మొదలైంది. పొద్దున స్టార్టు చేస్తే బుద్ధిగా నడిచేది. లాన్‌లో పావువంతు కోశానో లేదో, ఇంజన్ వేడెక్కేది, రెండుసార్లు దగ్గేది, ఆగిపోయేది. ఎంత తిప్పినా పలికేది కాదు. ఒక అరగంట చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచేది.

వేడే దాని రోగమని నేను తేల్చేశాను. ఇంజన్ మీద తడి గోనెసంచి కప్పాను. పెళ్లికొడుకు ఊరేగింపుకు వాడే జరీ గొడుగు తెచ్చి దానికి నీడ పట్టాను. ఒకరోజు హాలులోని పెద్ద కూలరును లాన్ మధ్యకు ఈడ్చి ఇంజన్ ముందు పెట్టాను. అది చూసి పుష్పాబాయి చీపురు కింద పడేసి నవ్వింది. తర్వాత తండా భాషలో తిట్టింది.

అయినా రోగం తగ్గలేదు. దిష్టి తగిలిందని కూడా అనుమానం వచ్చింది, తండాలో నేను కొట్టిన డబ్బా అలాంటిది మరి. అందుకని ఆగినప్పుడల్లా పాత బొట్టు మీదే ఇంకాస్త పసుపు, ఇంకాస్త కుంకుమ పెట్టి దండం పెట్టేవాణ్ణి. దండం పెట్టి, బీడీ తాగి, కాసేపు కూర్చుని లేచేసరికి బండి స్టార్టయ్యేది. ఇక నా భక్తికి అడ్డేముంది?

పటేలు సూర్యాపేట నుంచి కొత్త ప్లగ్గు తెప్పించాడు. మార్పు లేదు. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి మిర్యాలగూడ తీసుకెళ్లమన్నాడు. అక్కడ మిల్లుల జనరేటర్లు బాగుచేసే భిక్షపతి కార్బొరేటరు విప్పి కడిగి బిగించాడు. షెడ్డులో కాసేపు నడిపి చూస్తే చక్కగానే నడిచింది. హాలుకు తెచ్చి పావు లాన్ కోసేసరికి మళ్లీ దగ్గింది.

ఆ ఆదివారం హాలులో పెద్ద పెళ్లి ఉంది. గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. గురువారం పటేలు వచ్చి లాన్ పక్కన నిలబడ్డాడు.

"సూడు రాందాసు, ఇయ్యాల గిట్ల మళ్ల ఆగిందంటే బండి అమ్మి పారేస్త. గడ్డి కూలోళ్లతోటి కోయిస్త. నువ్వు టెంటోళ్లతోని కుర్చీలు మొయ్యి."

కుర్చీలు మోస్తే నా నడుం ఎన్నాళ్లుంటుందో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. బండి ఎక్కాను. పావు లాన్ అయింది. దగ్గింది. ఆగింది.

"అసలు దాంట్ల పెట్రోలున్నదా? అమ్ముకుంటున్నవా ఏంది?" అన్నాడు పటేలు.

ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. నిండుగా ఉంది చూసుకోమని చూపిద్దామని విసురుగా మూత తిప్పాను. సుస్సుమని ట్యాంకు గాలి పీల్చింది. ఇన్నాళ్లూ నేను పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడే పెట్రోలు పోసేవాణ్ణి. ఆగిన బండి మూత తీసి చూడటం అదే మొదలు. ఎందుకో తోచి, మూత పెట్టి తాళంచెవి తిప్పాను. కాలుతున్న ఇంజన్ వెంటనే పలికింది.

చీపురు పట్టుకుని అక్కడికి వచ్చిన పుష్పాబాయిని గాజుకున్న పిన్నీసు అడిగి తీసుకుని మూత మీది పసుపును గీకాను. రొట్టె ముక్కంత పెచ్చు ఊడి అరచేతిలో పడింది. దాని కింద సూదిమొనంత రంధ్రం. పెట్రోలు కిందికి దిగాలంటే ఆ రంధ్రంలోంచి ట్యాంకులోకి గాలి రావాలి. దాన్ని నేను పూజ చేసి మూసేశాను. దండం పెట్టి బీడీ తాగేంత సేపట్లో మూత అంచు సందుల్లోంచి కొంచెం గాలి దూరేది, బండి నడిచేది. మెచ్చి కరుణించిన దేవత ఎవరూ లేరు.

ఈలోపు పటేలు ఫోన్‌లో భిక్షపతిని దులిపేస్తున్నాడు. స్పీకరు ఆన్‌లో ఉంది. "పని రాకపోతే రాదని చెప్పాలె గదా! మూత సరింగ పెట్టుడు గూడ రాదా నీకు?"

పెచ్చు నా అరచేతిలోనే ఉంది. గడ్డిలో జారవిడిస్తే చాలు, నా సీటు నాకుంటుంది. వదలాలనే అనుకున్నాను. కానీ చేయని తప్పుకు మిల్లులో మేస్త్రీ చేత ఎన్ని మాటలు పడ్డానో నాకు గుర్తుంది. వదల్లేకపోయాను.

"పటేలా, ఆయన్ని తిట్టకుండ్రి. తప్పు నాదే. ఆగినప్పుడల్లా మూత మీద బొట్టు పెట్టిన. గాలి తొర్ర మూసుకపోయింది."

పటేలు నన్నూ, నా అరచేతినీ చూశాడు. బండి ఆపి తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. పుష్పాబాయి మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ఫోన్‌లోంచి భిక్షపతి గొంతు మెల్లగా వచ్చింది. "రాందాసన్నా, మూత మీదనా అన్నవ్?"

"అవునన్నా."

"గట్లయితే నేను గూడ పెట్టిన. నా షెడ్డుల బాగైన బండి ఏదైనా బొట్టు పెట్టకుంట బయటికి పంపను. నీ బండికి గాడనే పెట్టిన, జర మందంగనే."

చాయ్ పట్టుకొచ్చిన అనసూయమ్మ అంతా విని నిలబడిపోయింది. "మొదటి బొట్టు నాదే గదండీ," అంది భర్తతో.

పటేలు భార్య వైపు చూశాడు. బొట్టు పెట్టినందుకు నన్ను పంపేయాలంటే ముందు భార్యతో మొదలుపెట్టాలి. ఫోన్ పెట్టేశాడు. జేబులోంచి తాళంచెవి తీసి నా వైపు విసిరాడు.

"ఎక్కు. పెండ్లోళ్లు లాన్ సూడనీకి వస్తమన్నరు."

ఎక్కాను. ఒక్కసారి కూడా ఆగకుండా గోడ నుంచి గేటు దాకా కోశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్మని ఎవరికీ చెప్పక్కర్లేదు, సంతోషమే. పని అయిపోయి ఇంజన్ ఆపాక కూడా దిగబుద్ధి కాలేదు. అన్నం చల్లారిపోతుందని పుష్పాబాయి వచ్చి తిట్టేదాకా ఆ సీటు మీదే కూర్చున్నాను.