కొత్త పెట్టెకు నిమ్ము

మా ఇంట్లో సంగీతం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే నేను కన్సర్టీనా కొన్నాక దాని జబ్బు గురించి ప్రతి ఒక్కరూ ధైర్యంగా మాట్లాడారు.

నేను టేకులపల్లిలో లెక్కల టీచర్ని. పిల్లలకు వర్గమూలాలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది కాబట్టి పాడే ఆశ ఎప్పుడూ లేదు. ఓ రోజు ఫోన్‌లో ఎవరో విదేశీ ముసలావిడ చిన్న పెట్టెను ఒళ్లో పెట్టుకుని వాయిస్తుంటే చూసి మనసుపడ్డాను. ఆరు మూలల చెక్క బిళ్లలు రెండు, వాటి మధ్య మడతలు మడతలుగా తోలు తిత్తి. తిత్తిని లాగుతూ, నొక్కుతూ బొత్తాలు అదిమితే స్వరం వస్తుంది. హార్మోనియానికి చెల్లెలు అనుకోండి.

కొరియర్‌లో పెట్టె వచ్చింది. ఆత్రంగా విప్పి లాగాను. స్వరం కంటే ముందు 'కిర్ర్' మంది. మూస్తుంటే 'ఉస్స్' మంది.

మా ఆయన బొగ్గు గనిలో యంత్రాలు చూసే ఫోర్‌మన్. పక్క గదిలోంచే రోగం కనిపెట్టారు.

"బేరింగ్ పోయింది."

"దీంట్లో బేరింగ్ ఉండదండీ."

"ఉండదా? అందుకే గిట్ల మొత్తుకుంటంది."

ఆయన గ్రీజు డబ్బా తెచ్చేలోగా పెట్టెను బీరువాలో దాచాను. మా అత్తగారికి మాత్రం అసలు సంగతి అప్పటికే తెలిసిపోయింది.

"కొత్త వస్తువును దిష్టి తియ్యకుండ ఒళ్లె పెట్టుకుంటివి. ఏడ్వదా మరి?"

ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ముగ్గురం దగ్గాం. కాసేపాగి లాగి చూస్తే పెట్టె కూడా మునుపటిలాగే ఉస్సుమంది.

సాయంత్రం ఆర్ఎంపీ డాక్టర్ మా అత్తగారి బీపీ చూడటానికి వచ్చాడు. బీపీ చూడటం పూర్తయినా ఆయన చూపు పెట్టె మీదే ఉంది. చెవుల్లో స్టెతస్కోపు ఉండనే ఉంది. గొట్టం కొస తీసుకెళ్లి తిత్తి మీద ఆనించాడు.

"లాగుండ్రి మేడం. ఆఁ... ఇప్పుడు వదలుండ్రి. ఇంకోపాలి, గట్టిగ."

నేను లాగాను, వదిలాను. ఆయన కళ్లు మూసుకుని తలాడించాడు.

"నిమ్ము చేసింది."

"దీనికా?"

"అడవి పక్క ఊరు గద మేడం, చెమ్మ ఎక్కువ. తోలు పట్టేస్తది. ఎడమ పక్క జర ఎక్కువుంది."

"సూది ఏస్తరా ఏంది?" అన్నారు మా ఆయన.

"ముందుగాల ఎండల పెట్టి చూద్దాం," అన్నాడు డాక్టర్, నవ్వకుండా.

ఎండలో పెడితే తోలు బీటలు వారుతుందని గట్టిగా చెప్పి స్టెతస్కోపు అడిగి తీసుకున్నాను. నేనే విన్నాను. కిర్రుమనేది మడతలన్నిటా ఒకేలా ఉంది. ఉస్సు మాత్రం ఒక్కచోటే. బొత్తాలేవీ నొక్కకుండా పెట్టెను ఒక పక్కన పట్టుకుని రెండో పక్కను కిందికి వేలాడదీశాను. గాలి పోకపోతే అది నిదానంగా దిగాలి. దబ్బున జారింది. అంచుల వెంట చెంప పెట్టి చూస్తే ఎడమ బిళ్ల దగ్గర సన్నగా గాలి తగిలింది. అక్కడి స్క్రూలు వదులుగా ఉన్నాయి.

మా ఆయన స్క్రూడ్రైవర్‌తో బిగించబోయారు. గనిలో బోల్టు బిగించినట్టు భుజం వంచేసరికి చెయ్యి పట్టుకుని ఆపాను. కొంచెం ఒకటి, కొంచెం దాని ఎదురుది బిగించుకుంటూ వచ్చాం. ఉస్సు ఆగింది.

మర్నాటికి ఊళ్లో ముగ్గురు దాన్ని బాగుచేశారు. ఎడమ పక్క అని చెప్పింది తనేనని డాక్టర్, బిగించింది తనేనని మా ఆయన, ఘాటుకే వదిలిందని మా అత్తగారు. స్కూల్లో సార్లు నన్ను చూసి, "మీ ఆయన హుషారు, మేడం," అన్నారు.

కిర్రు మిగిలింది. అమ్మినవాళ్లకు రాస్తే జవాబు వచ్చింది. కొత్త తోలు మడతలు ఒకదానికొకటి రాసుకుంటే అలాగే ఉంటుందట, రోజూ వాయిస్తే మెత్తబడుతుందట. అది పైకి చదివాను.

"రోజూనా?" అన్నారు మా ఆయన.

"రోజూ."

వాయించాను. ఆయన సాయంత్రాలు కారేపల్లి స్నేహితుడి ఇంటికి తరచుగా వెళ్లడం మొదలైంది. వానలు తగ్గేసరికి కిర్రు పోయింది. ఆ సంగతి సంతోషంగా చెబితే మా అత్తగారు నిట్టూర్చింది.

"అది ఉన్నప్పుడే నయముండె. మధ్యల మధ్యల నీ పాట ఇనబడకపోతుండె."

మనసు చివుక్కుమంది. పెట్టెను మూసి పక్కన పెట్టేశాను. కాసేపయ్యాక ఆవిడే కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మేం నాట్లేసేటప్పుడు పాడేటోళ్లం. అది రాదా నీకు?"

"రాదు. మీరు అనండి, చూస్తాను."

సన్నగా కూనిరాగం తీసింది. నేను బొత్తాలు వెతుక్కున్నాను. తప్పినప్పుడల్లా "అది గాదు" అని మళ్లీ మొదటినుంచి అందుకునేది. మొదటి వరస కుదిరేసరికి పొద్దుగూకింది.

డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగి, ఇద్దరినీ ఒకసారి చూసి అడిగారు.

"ఏందిది, మళ్ల పాడైందా?"