గిలెస్పీ వారి సమాధుల పండుగ

పేరు చెప్పగానే ఎదుటివాళ్లు ఒకసారి మొహంలోకీ ఒకసారి కార్డులోకీ చూడడం గిలెస్పీ ఎలియాజరు గారికి మహా ఇష్టం. లండన్‌లో, అంటే ఒంటారియోలోని లండన్‌లో, ఆసుపత్రి ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యారు. తునివాడికి ఈ పేరేమిటని ఎవరైనా అడగడమే తరువాయి, మా తాత జాన్, గిలెస్పీ దొరగారి కొడుకండీ అంటూ ఛాతీ విరిచేవారు. ఆ దొర ఏ మూల దాక్కున్నాడో చూసుకోండంటూ భార్య రూపవతి అద్దం చేతికిచ్చేది.

కొడుకు ఆరన్‌కి ఆ సరదా లేదు. మిస్సిసాగా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ కథ చెప్పలేక విసిగిపోయాడు. పేరు మార్చుకునే ఫారం నింపి పెట్టుకుని ఫోన్లో తేల్చేశాడు.

"ఈ పేరు మనదేనని ప్రూఫ్ చూపించు డాడీ. లేకపోతే అప్లై చేసేస్తా."

పెద్దాయనకు ఉక్రోషం వచ్చింది. చూపిస్తానుండు అని లైబ్రరీల మీద పడ్డారు. గిలెస్పీలు స్కాట్లాండు నుంచి ఐర్లండులోని అల్స్టర్‌కీ, అక్కణ్నుంచి ఓడెక్కి కెనడాకీ వచ్చిన రైతులని తేలింది. వాళ్లలో ఒక కుటుంబం తమ ఇంటికి నలభై నిమిషాల దూరంలోనే సేద్యం చేసిందట. ఆ ఇల్లాలు ఇండియా మిషనుకు బట్టలు కుట్టి పంపేదట. ఇంకేం, మర్నాడే కారు తీశారు.

ఆ ఊరి చర్చిలో పాత పుస్తకాలు చూసుకునే ముసలావిడ 1911 నాటి పేజీ తీసి చూపించింది. తుని మిషన్ బోర్డింగులో అనాథ బాలుడు, వయసు ఐదు, తల్లిదండ్రులెవరో తెలియదు. చదివిస్తున్నది ఆ ఇల్లాలే, మార్గరెట్ గిలెస్పీ. డిఫ్తీరియాతో పోయిన తన ఒక్కగానొక్క కొడుకు జాన్ పేరే ఆ పిల్లవాడికి పెట్టమని ఆవిడ కోరింది.

దొరా లేడు, దొర రక్తమూ లేదు. ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకున్న గొప్ప తలుచుకుంటే ఎలియాజరు గారికి సిగ్గుతో తల వాలిపోయింది. ముసలావిడ ఆయన్ని వెనకున్న సమాధుల దగ్గరికి తీసుకెళ్లింది. తల్లికీ కొడుక్కీ కలిపి ఒకటే రాయి. వీళ్ల తర్వాత ఈ ఇంట్లో ఎవరూ మిగల్లేదనీ, ఈ రాయిని వెతుక్కుంటూ వచ్చింది మీరేననీ చెప్పింది.

ఆ సాయంత్రం కొడుక్కి ఏదీ దాచకుండా చెప్పేశారు.

"పేరు మార్చుకో నాన్నా, నేనేమీ అనుకోను. నవంబరు రెండున మాత్రం ఒక్కసారి రా."

ఆ రోజు సమాధుల పండుగ. తునిలో అయితే సమాధులకు సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించేవారు. కెనడా వచ్చాక ఆ రోజు వెళ్లడానికి వాళ్లకు చోటే లేకపోయింది. తమవాళ్లెవరూ ఈ మట్టిలో లేరు.

ఆరన్ 401 హైవే ట్రాఫిక్‌లో పడి మధ్యాహ్నానికి చేరాడు, చేతినిండా చామంతులతో. రూపవతి బకెట్‌తో నీళ్లు తెచ్చి రాయి కడిగింది. మా ఇక్కడి బాప్టిస్టుల్లో కొవ్వొత్తుల అలవాటు లేదని గొణుగుతూనే ముసలావిడ గాలికి కోటు అడ్డం పట్టింది. ఆరన్ రెండు వెలిగించాడు, తల్లికొకటి, కొడుక్కొకటి.

"ఫారం పంపలేదు డాడీ. మనం కూడా మార్చేసుకుంటే ఈవిడకెవరుంటారు?"

జేబులోంచి మూడో కొవ్వొత్తి తీసి తండ్రి చేతిలో పెట్టాడు. ఇదెవరికిరా అన్నారాయన.

"ముత్తాతని కన్న తల్లికి. ఆవిడ పేరు కూడా తెలీదు కదా మనకి."

ఎలియాజరు గారు ఆ రాయి పక్కనే కూలబడి వెలిగించబోయారు. గాలికి రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. మూడోది అంటుకుంది.