బాగేపల్లి మేష్ట్రు గుర్రాలు

బాగేపల్లిలో రిటైరైన ఒక లెక్కల మేష్ట్రు ఇంట్లో పాత చదరంగం పావులున్నాయని తెలిసి, ఏడాదిపాటు నెలకోసారి చిక్కబళ్లాపురం నుంచి బస్సెక్కి వెళ్లాను. పాత చెక్క పావులు కూడబెట్టడం నాకున్న ఒకే ఒక పిచ్చి. ఇంట్లో పదకొండు పెట్టెలున్నాయి. ఆ మేష్ట్రు గుర్రాల వంటివి మాత్రం ఒక్క పెట్టెలోనూ లేవు. ఒక్కొక్క గుర్రం ఒకే చెక్కముక్కలోంచి చెక్కింది. జూలులో గీత గీతా కనబడేది. అడుగున సీసం పోసినందువల్ల అరచేతిలో బరువుగా కూర్చునేవి. ఇస్తారా అని అడగడానికి నోరు రాలేదు. చూసి, తుడిచి, వచ్చేసేవాణ్ణి.

ఒకసారి చింతామణిలో ఉండే నా స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు పావుల్ని చూస్తూ కూర్చోలేదు. బల్ల మీద పేర్చి, "ఆడదామా మేష్ట్రే?" అన్నాడు. సాయంత్రందాకా ఆడారు. నేను పక్కన కూర్చుని రెండుసార్లు కాఫీ తాగాను.

కొన్ని నెలలకు వాడి ఫోను. "మేష్ట్రు ఆ పెట్టె నాకిచ్చేసినారప్పా! చూద్దువు రా."

ఆ ఆదివారమే చింతామణి వెళ్లాను. వాడి కిటికీ పక్కన ఆ పావులు ఎండకు మెరుస్తున్నాయి. నాకు కడుపు మండిపోయింది. ఒక గుర్రాన్ని తిప్పి చూసి, "ఇవి పాతవి కాదప్పా. కొత్తగా చేసి, పాతవాటి మాదిరి పాలిష్ పెట్టి అమ్ముతాండారు. మేష్ట్రును ఎవరో మోసం చేసినట్టుండాది" అన్నాను. పచ్చి అబద్ధం. వాడి ముఖం మాడిపోతుందని ఎదురుచూశాను.

"పోనీలేప్పా" అన్నాడు. "ఆయనకు కండ్లు బాగా మందగించినాయి. రోజూ ఫోన్లో ఎత్తు చెప్తారు, నేను ఈడ జరుపుతా. యాడిదాకా వచ్చిందో చూడు. నా మంత్రి పోయేట్టుండాది."

ఏడాదిపాటు వెళ్లిన నాకు ఆయన చూపు సంగతే తెలియదు. సిగ్గు వేసింది. కానీ తిరుగు బస్సులో సిగ్గుకంటే కుళ్లే ఎక్కువగా ఉంది. ఊరు చేరకముందే వాడికి ఫోన్ చేశాను.

"అవి పాతవేప్పా. ఓర్వలేక అట్లన్నా."

"తెలుసులే" అన్నాడు. "వచ్చే ఆదివారం బాగేపల్లికి పోతాండా. నువ్వూ రా."

వెళ్లాను. మేష్ట్రు నా గొంతు గుర్తుపట్టి కూర్చోమన్నారు. వాడు వెంట తెచ్చిన పెట్టె తెరిచి పావులు పేర్చాడు; మేష్ట్రు ఎత్తులు చెప్తుంటే వాడే జరిపాడు. వాళ్ల ఆట అయ్యాక, నాతో ఒకటి ఆడమని అడిగాను. పావులు పట్టుకోవడమే తప్ప ఆడడం నాకు పెద్దగా రాదు. కాసేపటికే ఓడిపోయాను. మేష్ట్రు మర్యాదగా నవ్వి, వాడున్న వైపు తిరిగి, "ఇంగ నువ్వు రాప్పా" అన్నారు.