పెట్రోల్‌ల గూడ గంతేనా?

రెండు వారాల కిందట మా ఇంట్లో కింది వాటా ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను మాదాపూర్ ఆఫీసులో మీటింగులో ఉన్నాను. కట్ చేశాను. ట్యాంకులో నీళ్లు అయిపోతే ఆవిడ ముందు నాకే ఫోన్ చేస్తుంది, అలాంటిదే ఏదో అనుకున్నాను. రెండోసారి మోగాక బయటికొచ్చి ఎత్తాను. "మీ అంకుల్ పోయిండు బిడ్డా. పొద్దుగాల టిఫిన్ తిని కుర్చీల కూసున్నడు, గంతే" అంది. బ్యాగు తెచ్చుకోవాలని కూడా తోచక అలాగే లిఫ్ట్ ఎక్కేశాను.

ఆయన మా ఇంటి ఓనర్. కొండాపూర్‌లో మూడంతస్తుల ఇల్లు. కింద వాళ్లిద్దరూ ఉంటారు, పై వాటాలో నేను కిరాయికి ఉంటాను. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. డిపో వదిలి ఎన్నాళ్లయినా ఆదివారం ఖాకీ చొక్కా వేసుకోందే ఆయనకు తోచేది కాదు.

నేనేమో కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి, జీతం చేతికి రాగానే ఒక పాత పెట్రోల్ కారు కొని, దానికి టర్బో బిగించిన తిక్కదాన్ని. టర్బో అంటే పెద్ద మాయ కాదు. సైలెన్సర్‌లోకి పోయే వేడి గాలితోనే ఒక చక్రం తిరిగి, ఇంజిన్లోకి ఇంకాస్త గాలి నెడుతుంది. ఆ గాలికి సరిపడా పెట్రోల్ ఎంత ఇవ్వాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కొంచెం కొంచెంగా సరిచెయ్యాలి. ఆ పని ఆదివారాలు మా పార్కింగ్‌లో చేసుకునేదాన్ని, వీడియోలు చూసి నేర్చుకున్న చదువుతో.

మొదటిసారి ఆయన బయటికొచ్చింది తిట్టడానికే. "ఏంది బిడ్డా, బండికి దమ్ము లేసినట్టుంది, గట్ల ఈల వేస్తుంది?" అన్నారు. "టర్బో అండి" అన్నాను భయంభయంగా. ఆయన ముఖం మారిపోయింది. తిట్టు మర్చిపోయి బానెట్ లోపలికి తల దూర్చారు. ఆంటీ రెండుసార్లు అన్నానికి పిలిచేదాకా తల బయటికి రాలేదు.

అప్పటినుంచి ఆదివారం మా ఇద్దరిదీ. బోల్టు బిగించేటప్పుడు మాట్లాడితే ఆయనకు కోపం. "చెయ్యి చెప్పేది చెవికి ఇనవడాలె" అనేవారు. వాడిన పానాలన్నీ డబ్బాలో పడితే గానీ ఇంజిన్ స్టార్ట్ చెయ్యనిచ్చేవారు కాదు. కారు మొరాయించినప్పుడు నేను దాన్ని తిడితే, "దానికేం ఎరుక, బిగించింది నువ్వు" అని నన్నే తిట్టేవారు. మా నాన్న కూడా నన్నంత స్వతంత్రంగా తిట్టలేదు. నాకది ఇష్టంగా ఉండేది.

ఒక ఆదివారం బండి గట్టిగా తొక్కితే వెనక నల్లటి పొగ వచ్చింది. ల్యాప్‌టాప్ ప్రకారం పెట్రోల్ కాస్త ఎక్కువే ఉంది, నేనే కావాలని అలా ఉంచాను. ఆయన చూసి, "నల్లపొగ అంటే ఇంజిన్‌కు అజీర్తి. తిండి తగ్గియ్యి" అన్నారు. తగ్గించకూడదని నాకు తెలుసు. కానీ అన్నేళ్లు బస్సులు బాగుచేసిన మనిషి ముందు నా వీడియోల చదువు చెప్పడానికి సిగ్గేసింది. తగ్గించాను. పొగ పోయింది, బండి ఎగిరినట్టు పరుగెత్తింది. హఫీజ్‌పేట్ వైపు ఎత్తు ఎక్కుతుండగా డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడొచ్చి, బలం చచ్చిపోయింది. విప్పి చూస్తే పిస్టన్ అంచు కరిగిపోయి ఉంది.

బస్సు ఇంజిన్లో డీజిల్ తగ్గిస్తే వేడి తగ్గుతుంది. పెట్రోల్ టర్బోలో అది తిరగబడుతుంది. ఆ కాస్త ఎక్కువ పెట్రోలే లోపల చల్లబరిచేది. ఆయనకు డీజిల్ తప్ప తెలియదు, నాకు నోరు తప్ప అన్నీ ఉన్నాయి. ఆయనతో మాత్రం, "ఇంజెక్టర్ మూసుకుపోయిందండి" అని చెప్పాను. నిజం చెబితే చిన్నబుచ్చుకుని ఇంకెప్పుడూ పార్కింగ్‌లోకి రారని నా భయం. ఆ ఆదివారాలు పోతే నాకు ఈ ఊళ్లో మిగిలేది ఆఫీసే.

ఆయన కరిగిన పిస్టన్‌ను గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లారు. మూడో రోజు సాయంత్రం, మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ మెట్లెక్కని మనిషి, రెండంతస్తులు ఎక్కి నా తలుపు కొట్టారు.

"పెట్రోల్ బండ్లు చేసేటాయనకు చూపెట్టిన. దీన్ని కాల్చింది నేనే గద బిడ్డా. అబద్ధమెందుకు చెప్పినవ్?"

"మీరు బాధపడతారని అండి."

"నా బాధ నేను పడ్త. నువ్వు చెప్పకుంటే రేపు ఇంకొకరికి గదే చెప్తుంటి. ఆళ్ల ఇంజిన్ గూడ పోతుండె."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన్ని కాపాడుతున్నాననుకున్నాను, నిజానికి కాపాడుకున్నది నన్ను. ఆయన అక్కడే కుర్చీలో కూర్చుని, అద్దాలు పెట్టుకుని, "ఇగ ఆ ల్యాప్‌టాప్ తియ్యి. పెట్రోల్ సంగతి నాకు మొదటినుంచి చెప్పు" అన్నారు. చెప్పాను. తెర మీద గీతలు ఎందుకు పైకి లేస్తాయో, ఎక్కడ పడాలో, ప్రతిదీ రెండుసార్లు అడిగారు. ఆ తర్వాత ఆయన ఏ సలహా చెప్పబోయినా మధ్యలో ఆగి, "పెట్రోల్‌ల గూడ గంతేనా?" అని నన్ను అడిగేవారు. డెబ్బై దాటిన మనిషి, నాలాంటిదాన్ని. ఇంజిన్ మళ్లీ కట్టాం. ఈసారి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో ఆయనే కూర్చున్నారు.

పదకొండో రోజు భోజనాలు మా పార్కింగ్‌లోనే పెట్టారు. షామియానా కోసం కారును ఓ మూలకు నెట్టి, నేను దాని పక్కన నిలబడ్డాను. ఆయనతో డిపోలో పనిచేసిన ఓ పెద్దమనిషి చెయ్యి కడుక్కుని వచ్చి, బండి కిందికి వంగి చూశాడు. "ఇది నీదా బిడ్డా? టర్బో పెట్టినవ్ లెక్కుంది. ఒక్క మాట చెప్త. పొగ నల్లగొస్తుందని పెట్రోల్ తగ్గియ్యకు. మా అన్న గట్ల చెప్పి ఎవరో పిల్ల ఇంజిన్ కాల్చిండట. డిపోకొచ్చి మాకందరికి చెప్పిండు, నాలెక్క చెయ్యకుండ్రి అని."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు, ఆ పదకొండు రోజులదీ కలిపి.

"ఆ పిల్లను నేనేనండి" అన్నాను.

ఆ పెద్దమనిషి వెనక్కి తిరిగి మరో ఇద్దరిని చెయ్యి ఊపి పిలిచాడు. "జర బానెట్ తియ్యి బిడ్డా. ఏ పిస్టన్?"

"మూడోది" అని వేలితో చూపించాను. తెల్లచొక్కాలు వేసుకున్న ఆ ముగ్గురు ముసలి మెకానిక్‌లు తడి చేతులు తుడుచుకుని, తమ అన్న తప్పు చేసిన చోటు చూడటానికి ఇంజిన్ మీదికి వంగారు.